తేటనీరెల్ల త్రాగునీరు కాదు

ఊరి చరిత్ర తెలియగోరువారు కోట బురుజులను చూతురు. మేము నేడు శ్రోతలను బావిగట్టునకు తోడ్కొని పోదలచితిమి. గోదావరికి దక్షిణమున కరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు. ఈ రెండు సీమల ప్రజలు తరతరములుగా ఏ నీరు త్రాగిరి? ఆ నీరు వారికేమి చేసెను?

1905లో జిల్లా కేంద్రము ఎలగందుల నుండి కరీంనగరమునకు మారినది. రెండును మానేటి తీరమున నున్నవే. వేసవిలో వాగులు ఎండినప్పుడు ఈ సీమవారు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీటిని చిప్పతో కడవకెత్తుకొందురు. ఇసుక కొంతవరకు వడపోయును. కాని పైన పశువులు తిరుగాడిన, ఆ మలినము క్రిందికి దిగకమానదు. ఆదిలాబాదు పట్టణమునకు మావల చెరువు ఆధారమైనది. తక్కిన ఊళ్లకు చేదబావులు, దిగుడుబావులే దిక్కు.

దిగుడుబావి మెట్లు దిగి నీటిలో కాలుపెట్టుట వలన నారికురుపు వ్యాపించెడిది. రోగి పుండు నుండి వెడలిన పురుగుపిల్లలను నీటిలోని సూక్ష్మజీవులు మ్రింగును. ఆ నీరు త్రాగినవారికి ఏడాదికి కాలిలో నారి వెలువడును. దీనికి టీకా లేదు. నీటిని సన్నని గుడ్డతో వడగట్టుట, మెట్ల బావులను మార్చుట, ఇవియే మందులు. 1983లో ఆరంభమైన జాతీయ కార్యక్రమముతో 1996 నాటికి ఆ వ్యాధి దేశమున అంతరించెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధ్రువపరచెను. వడగట్టిన గుడ్డముక్క సాధించిన ఇంతటి విజయము వైద్య చరిత్రలో అరుదు.

1967 కరవు తరువాత బోరు యంత్రములు దేశమునకు వచ్చెను. పల్లెపల్లెకు చేతిపంపు, మన వాడుకలో బోరింగు, వెలసెను. లోతునీటిలో క్రిములు తక్కువ. ప్రజలు సంతోషించిరి. కాని కరీంనగరపు గ్రానైటు నేలలో నీరు రాతిని చిరకాలము ఒరసికొని ఉండుటచే, కొన్ని తావుల ఫ్లోరైడు కరగి చేరినది. నెల్లూరు సీమలో 1937లోనే వెల్లడియైన ఆపద యిది. నల్లగొండ దానికి పేరుమోసినది. పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసిపోవును. రుచిలో, రంగులో జాడయే తెలియదు. కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును. ఎరువుల నుండియు, మురుగు నుండియు చేరు నైట్రేటు తీరును అట్టిదే. అందుచేతనే ప్రమాణములు లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మేలనియు, వేరు నీరు లేనిచో 1.5 దాటరాదనియు, నైట్రేటు 45 మించరాదనియు విధించినవి.

కావున మరల నదివైపు మరలవలసి వచ్చెను. 1963లో నెహ్రూ గారు పోచంపాడున శంకుస్థాపన చేసిరి. కరీంనగరము చెంత దిగువ మానేరు ఆనకట్ట 1985 నాటికి పూర్తియైనది. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమై జలాశయముల నీటిని గొట్టములలో ఇండ్లకు చేర్చసాగెను.

ఇచట కథ ముగిసెనని తలపరాదు. నదినీటితో ఫ్లోరైడు భయము తగ్గినను, క్రిముల భయము తిరిగి వచ్చును. నీరు ఆగి ఆగి వచ్చుచోట, పగిలిన గొట్టము ప్రక్కనున్న మురుగును లోనికి పీల్చుకొనును. కొళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనను నియమము ఇందులకే.

మన పెద్దలు నీటిని కంటితో చూచి తీర్పు చెప్పిరి. వారికి వేరు సాధనము లేకుండెను. మనకు కలదు. ఏటేట బావినీటిని పరీక్షకు పంపని ఊరు, సాధనముండియు పెద్దల కన్నులతోనే చూచుచున్నదని మా అభిప్రాయము.