చుక్కకు రంగేస్తే ఏమైతది? పెట్రీ నెట్ కథ

మా హుస్నాబాద్ దిక్కు వడ్ల కొనుగోలు సెంటర్ చూసినోళ్లకు పెట్రీ నెట్ కొత్తేం కాదు. కుప్ప, ఖాళీ సంచి, హమాలీ మూడూ ఉంటేనే కాంటా నడుస్తది. ఒక్కటి లేకున్నా బంద్. కార్ల్ ఆడమ్ పెట్రీ 1962 థీసిస్ నుంచి పుట్టిన లెక్క ఇదే. వాటిని చుక్కలుగా గీస్తరు, అవే టోకెన్లు.

కానీ చుక్కలన్నీ ఒక్కతీరు. ఎవరి వడ్లో తెల్వది, ఎంతసేపో తెల్వది. 1970లలో టైమ్ కలిపిన్రు. 1981లో డెన్మార్క్‌ల కర్ట్ జెన్సెన్ రంగులేసిండు, అంటే ప్రతి టోకెన్‌కు డేటా. బెంగళూరు ఐఐఎస్‌సీల ఎన్. విశ్వనాథం, వై. నరహరి ఇట్లాంటి నెట్లతో ఆటోమేటిక్ ఫ్యాక్టరీలను మోడల్ చేసి, 1992లో పుస్తకమే తెచ్చిన్రు. నా బీటెక్‌ల ఈ పేర్లు ఎవరూ ఎత్తలే!

అసలు తిరకాసు ‘లారీ లేకుంటేనే’ అనే షరతుతో. లారీల సంఖ్యకు హద్దు లేకుంటే మామూలు నెట్‌ల అది రాయలేం. అందుకే ఇన్హిబిటర్ ఆర్క్ పెట్టిన్రు. నెట్‌కు కంప్యూటరంత బలమొచ్చింది. కానీ ఫలానా స్థితికి చేరతమా లేదా అన్నది మామూలు నెట్‌ల తేల్చొచ్చని 1981లో ఎర్న్‌స్ట్ మాయర్ నిరూపించిండు. అట్లాంటి ఆర్కులు రెండు పెడితే చాలు, అన్ని నెట్లకూ దాన్ని తేల్చే ప్రోగ్రామ్ ఎవ్వరూ రాయలేరు. రంగులతో ఆ బాధ లేదు. ఎన్ని రంగులో ముందే తెలిస్తే పాత నెట్‌లకే విప్పుకోవచ్చు. నేనైతే రంగుల తోనే మొదలుపెడత. మొగులైనప్పుడు కుప్ప తడవకముందే సంచికెక్కుతదా అన్నది తేలాలె గదా!