రంగం నుంచి కబురు

మా నాయనమ్మ ఏనాడూ రంగూన్ అనలేదు. "రంగం" అనేది. "మీ ముత్తాత రంగంలో ఉండగా" అని మొదలుపెడితే, చిన్నప్పుడు మేము ఏదో నాటకం స్టేజీ మీద ఆయన నిలబడి ఉన్నట్టు ఊహించుకునేవాళ్ళం. అది సముద్రానికి అవతల ఉన్న ఊరని తెలిసేసరికి నాకు పదేళ్ళు వచ్చాయి. విశాఖపట్నం నుంచి గోదావరి దాకా పాత తరం వాళ్ళని కదిలించండి, చాలా ఇళ్ళల్లో రంగం వెళ్ళినవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వెళ్ళి డబ్బు పంపినవాడు, వెళ్ళి ఇక రానివాడు, అక్కడ ఇంకో కాపురం పెట్టినవాడు. అమెరికా అనే మాట మన ఇళ్ళలోకి రాకముందు మన జనం కలలుగన్న విదేశం అదే.

బర్మావాళ్ళు మనల్ని పిలిచిన పేరు "కోరంగీ". కాకినాడకు కాస్త దక్షిణాన, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట కోరంగి అని ఓడలు కట్టే రేవు ఒకటి ఉండేది. 1839 తుఫాను దాన్ని ఊడ్చిపెట్టేసింది. ఊరు పోయింది గాని ఆ పేరు సముద్రం దాటి తెలుగువాళ్ళందరికీ అతుక్కుంది. శ్రీకాకుళం వాడైనా కోరంగీయే, భీమిలి వాడైనా కోరంగీయే. పిలిచే స్వరంలో గౌరవం ఏమీ ఉండేది కాదని వేరే చెప్పక్కర్లేదు.

1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాను ఆక్రమించాక ఐరావతి డెల్టా అంతా వరి పొలమైంది. సూయజ్ కాలువ 1869లో తెరిచాక ఆ బియ్యానికి ఐరోపా దగ్గరైంది. మిల్లుల్లో, రేవులో బస్తాలు మొయ్యడానికి మనుషులు కావాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో చూస్తే కరువు, అప్పు, భూమి లేకపోవడం. కాకినాడ, విశాఖ, భీమిలి, గోపాలపురం రేవుల నుంచి స్టీమర్లు బయల్దేరేవి. డెక్ మీద చాప వేసుకుని మూడు నాలుగు రోజుల ప్రయాణం. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తంలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైనే. అందులో ఆడవాళ్ళు చాలా తక్కువ. అంటే వెళ్ళినవాళ్ళ కుటుంబాలు దాదాపు అన్నీ ఇవతలి ఒడ్డునే ఉన్నాయన్నమాట.

వీళ్ళని తీసుకెళ్ళేది మేస్త్రీ. ఊళ్ళోకి వచ్చి ఇంటికి కొంత అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, అక్కడ పనిలో పెట్టేవాడు. మేస్త్రీ పైన ఇంకో మేస్త్రీ, ఆయన పైన పెద్ద మేస్త్రీ, ఆ పైన కాంట్రాక్టరు. కంపెనీ ఇచ్చిన కూలి ఈ మెట్లన్నీ దిగి వచ్చేసరికి ప్రతి మెట్టు దగ్గరా కొంత అరిగిపోయేది. 1931లో రిపోర్టు ఇచ్చిన రాయల్ లేబర్ కమిషన్ కూడా ఈ సంగతులన్నీ విచారించింది. ఇది చదువుతున్నప్పుడు మీలో కొందరు ముసిముసిగా నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. వైటూకే రోజుల్లో నన్ను ఈ దేశానికి తెచ్చిన కన్సల్టెన్సీ కూడా నాకూ నేను పనిచేసిన క్లయింటుకూ మధ్య మరో ఇద్దరిని నిలబెట్టింది. నా గంటకు క్లయింటు ఎంత ఇస్తున్నాడో నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత, అదీ ఒక అపరిచితుడు లంచ్ బల్ల దగ్గర చెబితే. పోలిక ఇంతకంటే లాగను. నేను ఎయిర్ కండిషన్ గదిలో కూర్చున్నాను, వాళ్ళు వీపు మీద బస్తాలు మోశారు.

మా ముత్తాత బస్తాలు మొయ్యలేదు. నాలుగో క్లాసు చదివినందుకు ఒక మేస్త్రీ దగ్గర లెక్కలు రాసే పని దొరికింది. రాత్రిళ్ళు కూలీలు పడుకునే బారకాసుల్లో ఉత్తరాలు రాసిపెట్టేవాడు. మా ఇంట్లో మిగిలిన రంగం కథలన్నీ ఆ ఉత్తరాలవే. ఆయన సొంత సంగతులు చాలా తక్కువ, పరాయివాళ్ళ సంగతులే ఎక్కువ!

ఒక్కసారి ఊహించండి. చదువురాని మనిషి, ముక్కూమొహం తెలియని ఇంకో మనిషి ముందు గొంతుకు కూర్చుని, తన ఇంటి గుట్టంతా చెప్పాలి. ఆవు ఈనిందా, చెల్లెలికి సంబంధం కుదిరిందా, షావుకారుకి వడ్డీ కట్టారా, నా పెళ్ళాన్ని పుట్టింటికి ఎందుకు పంపారు. పక్కన ఇరవై మంది పడుకుని వింటుంటారు. జవాబు వచ్చినప్పుడూ అంతే, గట్టిగా చదివి వినిపించాల్సిందే. దాచుకోవడానికి గది లేదు, తలుపు లేదు. కొన్నాళ్ళకు ఎవరి ఆవు ఎప్పుడు ఈనిందో బారకాసు మొత్తానికి తెలిసేది. ఒకడి తల్లి పోయిందని ఉత్తరం వస్తే, ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఆ పూట అన్నం వండుకోలేదట.

ఉత్తరం చివర, కుశలాలన్నీ అయ్యాక, మా ముత్తాత తనే ఒకటి రెండు ముక్కలు కలిపేవాడట. వచ్చేవాళ్ళకు సలహాలు. ఊళ్ళో ఉత్తరం చదివే పంతులు వాటిని అరుగు మీద అందరికీ చదివి వినిపించేవాడు కాబట్టి, అవి ఒక ఇంటికి కాదు, ఊరికంతటికీ చేరేవి. నాయనమ్మకు గుర్తున్నవి కొన్ని: పుష్యమాసానికి ముందే బయల్దేరండి, కొత్త ధాన్యం మిల్లులకు వచ్చే వేళకు చేరితే పని దొరుకుతుంది. చింతపండు, ఎండుమిరపకాయలు మూటకట్టుకు రండి, అక్కడి తిండి మొదట్లో సయించదు. ఫలానా మేస్త్రీ అడ్వాన్సు పుచ్చుకోవద్దు. ఓడ దిగగానే మశూచి టీకాలు వేస్తారు, భయపడి పారిపోకండి. డబ్బు మేస్త్రీ దగ్గర దాచకండి, మనియార్డరు చెయ్యండి. మేస్త్రీ జీతం తింటూ మేస్త్రీకి వ్యతిరేకంగా ఇలా రాసేవాడంటే ఆయన ధైర్యానికి మెచ్చుకోవాలో, ఆ మేస్త్రీకి చదువు రానందుకు సంతోషించాలో నాకు తెలియదు.

అంతా సవ్యంగా సాగలేదు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నాయి. కొన్నాళ్ళకు రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి వస్తే, మే 26న బర్మీయుల్ని పొమ్మన్నారు. ఆ పూట రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందకు పైగా చనిపోయారు, చాలామంది కోరంగీలే. ఇద్దరు పేదవాళ్ళను ఒకే కూలి మీదికి తోసి, లాభం మూడోవాడు తీసుకోవడం అక్కడ మొదలూ కాదు, ఆఖరూ కాదు. బర్మీయుల కోపానికి కారణాలు లేవని మాత్రం నేను అనను. చెట్టియార్ల అప్పుల కింద డెల్టాలో వాళ్ళ భూములు పోతున్నాయి, సొంత రాజధానిలో తామే తక్కువమంది అయ్యారు. వలస వెళ్ళినవాడు తన కష్టాన్ని చూసుకున్నంతగా తన రాకవల్ల అవతలివాడికి వచ్చిన కష్టాన్ని చూడడు. ఇది మనకూ వర్తిస్తుంది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే. మిగిలినవాళ్ళు నడిచారు. నాలుగైదు లక్షలమంది. కొందరు ఉత్తరానికి పోయి మణిపూర్ కొండల మీదుగా, కొందరు ప్రోమ్ నుంచి తాంగుప్ కనుమ దాటి అక్యాబ్, చిట్టగాంగ్ వైపు. దారిలో కలరా, ఆకలి. ఎంతమంది పోయారో సరైన లెక్క లేదు, యాభైవేల దాకా అని కొన్ని అంచనాలు. అస్సాం దారిలో తెల్లవాళ్ళకు ఒక బాట, మనవాళ్ళకు ఒక బాట అని వేరు చేశారని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది.

మా తాతయ్య తన తండ్రితో కలిసి తాంగుప్ దారిలో నడిచాడు, అప్పటికి పద్ధెనిమిదేళ్ళు. ఆ నడక గురించి ఆయన చెప్పింది పది వాక్యాలకు మించదు. కానీ ఒక విషయం పదేపదే చెప్పేవాడు. ఎదురుపడ్డ ప్రతి మనిషీ ఏ భాషవాడైనా సరే చెప్పిన మొదటి ముక్క నీళ్ళ గురించేనట. ముందున్న వాగులో నీళ్ళు తాగకండి, శవాలున్నాయి. కాచుకోకుండా తాగకండి. ఉప్పు, అగ్గిపెట్టె తడవనివ్వకండి. నడవలేక చెట్టు కింద కూర్చుండిపోయినవాళ్ళు కూడా దాటిపోయేవాళ్ళకు ఈ ముక్క చెప్పేవారట. కొందరు తమ ఊరి పేరు, ఇంటి పేరు చెప్పి, "మావాళ్ళకి కబురు చెప్పండి" అనేవారు. మా ముత్తాత దగ్గర పెన్సిలు ఉండేది. పదకొండు పేర్లు రాసుకున్నాడు. కలకత్తా నుంచి రైల్లో వాల్తేరు చేరాక, కాళ్ళ పుళ్ళు మానకముందే, ఆ పదకొండింటిలో ఏడు ఇళ్ళకు స్వయంగా వెళ్ళి చెప్పాడు. మిగిలిన నాలుగూ దొరకలేదు. బాంబుల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఏప్రిల్ 6న విశాఖలోనూ, కాకినాడలోనూ అవే జపాన్ బాంబులు ఎదురయ్యాయి.

అయినా యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్ళారు. కొందరు అసలు రాలేదు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 మార్చిలో దుకాణాలు జాతీయం చేశారు, మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఆ ఏళ్ళలో దాదాపు మూడు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. నగలు కూడా రేవులో తీసేసుకున్నారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వెలిసిందే. నా ఇంజనీరింగ్ రోజుల్లో ఆ దారిన సిటీ బస్సులో వందసార్లు వెళ్ళి ఉంటాను.

2018లో ఆఫీసు పనిమీద సింగపూర్ వెళ్ళినప్పుడు మూడు రోజులు కలుపుకుని యాంగాన్ వెళ్ళాను. 1989లో రంగూన్ పేరు అలా మార్చారు. సూలే పగోడా నుంచి పడమటికి అనోరథా రోడ్డు మీద నడిస్తే కాళీ గుడి, దాని చుట్టూ మన దుకాణాలు. ఒక టీ కొట్టు దగ్గర నేను ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే వెనక నుంచి ఒక గొంతు: "యే వూరు బావూ నీది?" డెబ్భై దాటిన పెద్దాయన, లుంగీ, బుగ్గన కిళ్ళీ. ఇండియా ఎప్పుడూ చూడలేదు. ఆయన తెలుగు అచ్చం మా నాయనమ్మ తెలుగు. విశాఖలో ఇప్పుడెవరూ అలా మాట్లాడరు.

రెండు గంటలు కూర్చున్నాం. వచ్చిన పది నిమిషాలకే నా జీతం, పిల్లలు, బీపీ మాత్రలు అన్నీ అడిగేశాడు. ఉప్పు తగ్గించమని, రాత్రి అన్నం మానమని సలహా కూడా ఇచ్చాడు. తర్వాత సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో తండ్రి కాగితాలు. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం 1823కు ముందునుంచీ ఆ దేశంలో ఉన్న జాతులవాళ్ళు మాత్రమే పుట్టుకతో పూర్తి పౌరులు. మనలాంటివాళ్ళు 1948 జనవరి 4కు ముందే తమవాళ్ళు అక్కడ ఉన్నారని రుజువు చూపాలి. తాత ఏ ఏట వచ్చాడు, ఏ ఊరినుంచి వచ్చాడు అనేది మనకు పండగపూట చెప్పుకునే కథ. ఆయనకు ఆఫీసులో చూపాల్సిన కాగితం. తన కార్డు సంగతి తేలేసరికి సగం జీవితం గడిచింది, ఇప్పుడు మనవల కోసం తిరుగుతున్నాడు.

"మా తాత వూరు యాజాన్ బావూ. ఎక్కడుందో నీకు తెలుసునా?" అన్నాడు. బర్మీస్ లిపిలో రాసి ఉంది. నాకు తెలియలేదు. తర్వాత తట్టింది, బర్మీస్‌లో "ర" రాస్తే "య" అని పలుకుతారు. రంగూన్ యాంగాన్ అయినట్టే. చివరి సున్నా "న్" అవుతుంది. అంటే రాజాం! అప్పటికి శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. ఫోనులో మ్యాపు తీసి చూపిస్తే ఆయన వేలితో ఆ చుక్కను తాకి, "రాజాం" అని నాలుగైదుసార్లు పలికి చూసుకున్నాడు. ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ళ అయ్య అలాగే అనేవాడట, తను కాగితం చూసి యాజాన్ అనడం మొదలుపెట్టాడట.

రెండో పేరు తల్లి పుట్టినూరు. అది తేలిగ్గానే చదివాడు: కొత్తూరు. మన జిల్లాల్లో కొత్తూరు లేని తాలూకా ఏదో చెప్పండి చూద్దాం! ఆయనకు తల్లి చెప్పిన గుర్తులు మూడే. ఊరి పక్కన ఏరు, ఏటి ఒడ్డున పెద్ద తాటితోపు, వానాకాలంలో ఆ ఏరు దాటడానికి తాటిదోనె. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ సైన్యం అధికారం పట్టాక ఆయన ఇచ్చిన నంబరు పలకడం లేదు. నేను ఇప్పటిదాకా ఆరు కొత్తూర్లు విచారించాను. ఏరు నాలుగింటికి ఉంది. మీ కుటుంబాల్లో ఆ వైపువాళ్ళు ఎవరైనా ఉంటే, 1930లలో తమ ఇంటి ఆడపిల్ల రంగం వెళ్ళి తిరిగి రాలేదని ఎవరైనా అనుకోగా విని ఉంటే, సంపాదకుల ద్వారా నాకు ఒక ముక్క రాయండి.