కుమీస్ వేసవులు

1875 ఆగస్టు. వోల్గాకు తూర్పున, సమారా గడ్డిమైదానంలో లేవ్ టాల్‌స్టాయ్ గుర్రప్పందెం పెట్టించాడు. ఐదు వెర్స్తుల చుట్టు, దాన్ని పదిసార్లు తిరగాలి. మన లెక్కలో యాభై మూడు కిలోమీటర్లు! చుట్టుపక్కల బష్కీర్లు గుడారాలతో, గొర్రెలతో, తోలుతిత్తుల నిండా కుమీస్‌తో తరలివచ్చారు. గుర్రాలెక్కింది కుర్రాళ్ళు. బహుమానాల్లో తుపాకీ, గడియారం ఉన్నాయి. పందెం ముందూ వెనకా తిండి, పాట, కుస్తీ. నేలమీద ఎదురెదురుగా కూర్చుని, పాదాలు ఆనించి, ఒకే కర్రను చెరోవైపు లాగే ఆటలో నలభై ఆరేళ్ళ టాల్‌స్టాయ్ బష్కీర్లను ఒక్కొక్కరినే లేపేశాడు. ఒక్క భారీకాయుణ్ణి మాత్రం కదపలేకపోయాడు. ఆయన పిల్లలు ఇదంతా పక్కనే ఉండి చూశారు.

ఈ జాతరకు మూలం పందెం కాదు, పాలు. కుమీస్ అంటే పులిసిన గుర్రప్పాలు. ఆవుపాల కంటే వీటిలో చక్కెర ఎక్కువ, వెన్న తక్కువ. కేసీన్ అనే మాంసకృత్తు కూడా తక్కువే, అందుకే మన పెరుగులా గట్టిగా తోడుకోవు. తిత్తిలో పోసి కవ్వంలాంటి కర్రతో చిలుకుతూ ఉంటే పుల్లబడి, నురగలెత్తి, కాస్త మత్తు కూడా ఎక్కిస్తాయి. ఆడగుర్రం పొదుగు చిన్నది. రెండేసి గంటలకోసారి పితకాలి, అదీ పిల్లను పక్కన కట్టేస్తేనే చేపుతుంది. వసంతంలో ఈనిన గుర్రాలు వేసవంతా పాలిస్తాయి. చలికాలం ఊళ్ళలో గడిపే బష్కీరు కుటుంబాలు ఆ గడ్డినీ ఆ పాలనూ నమ్ముకునే ఏటా మైదానాలకు తరలివచ్చేవి. వాళ్ళకది విహారం కాదు, బతుకుతెరువు.

క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్, స్తెప్పీ సంచారులైన సిథియన్లు గుర్రాల్ని పితికే తీరు వర్ణించాడు. 1253లో మంగోలుల దగ్గరికి బయల్దేరిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం రుబ్రుక్‌కి కుమీస్ మొదటి గుక్కకే ఒళ్ళంతా చెమటలు పట్టించింది. తర్వాత మాత్రం నోట్లో బాదంపాల రుచి మిగిలిందని రాసుకున్నాడు. నన్నడిగితే కుమీస్ గురించి అంత నిజాయితీగా రాసినవాడు మరొకడు లేడు.

అది మందుగా మారింది పంతొమ్మిదో శతాబ్దంలో. 1856లో రష్యన్ రచయిత అక్సాకోవ్ తన కుటుంబచరిత్రలో తాతారు పల్లెలో జరిగిన కుమీస్ చికిత్సను వర్ణించాడు. 1858లో డాక్టర్ పోస్త్నికోవ్ సమారా దగ్గర కుమీస్ వైద్యశాల తెరిచాడు. క్షయకు మందు లేని కాలం. జర్మన్ వైద్యుడు కోహ్ ఆ క్రిమిని కనిపెట్టడానికే 1882 దాకా ఆగాల్సి వచ్చింది. ఎండ, గాలి, కడుపు నిండా పాలు తప్ప వైద్యులు చెప్పగలిగింది పెద్దగా లేదు.

టాల్‌స్టాయ్ ఇద్దరు అన్నదమ్ములు క్షయతోనే పోయారు. ఆ భయంతోనే 1862లో మొదటిసారి సమారా మైదానంలోని కరాలిక్‌కు వచ్చి బష్కీరు గుడారంలో ఉన్నాడు. 1871లో మళ్ళీ వచ్చినప్పుడు సంచిలో గ్రీకు పుస్తకం ఉంది. అప్పుడే గ్రీకు నేర్చుకుని హెరోడోటస్‌ను మూలంలో చదువుతున్నాడు. పుస్తకంలో గుర్రప్పాల సిథియన్లు, తలెత్తితే గుర్రప్పాల బష్కీర్లు. ఆ పులకింతను మిత్రుడు ఫేత్‌కు ఉత్తరం రాశాడు కూడా. నేల నచ్చింది, కొనేశాడు: ఒక భూస్వామి దగ్గర 2,500 దెస్యాతీనలు, అంటే ఆరున్నర వేల ఎకరాల పైచిలుకు.

1873లో భార్యాపిల్లలందర్నీ తీసుకొచ్చాడు. రైల్లో నీజ్నీ నోవ్‌గొరోద్, అక్కణ్ణించి స్టీమరులో వోల్గా మీదుగా సమారా, ఆపైన గుర్రబ్బండి. పిల్లలకు స్వర్గమే. తల్లి సోఫియాకు మాత్రం ఈగలు, పిడకల పొగ, కనుచూపుమేర చెట్టు లేని బయలు. ఆమె విసుగు నాకు అర్థమవుతుంది. ఇంటిల్లిపాదీ వేసవి సుఖం వెనక ఇల్లాలి చాకిరీ ఎంతో ఎవరూ లెక్కరాయరు. ఆ ఏడు పంటపోయి పల్లెలు ఆకలితో అల్లాడుతుంటే టాల్‌స్టాయ్ పత్రికకు లేఖ రాశాడు, విరాళాలు లక్షల రూబుళ్ళలో వచ్చాయి. 1878లో మరికొంత భూమి కొన్నాడు. స్తెప్పీ గుర్రాల్ని మేలుజాతి గుర్రాలతో దాటించి కొత్త సంతతి పెంచాలని వందల గుర్రాలు మేపాడు. లాభం చూసింది లేదు.

అవి బష్కీర్ల నేలలు చౌకగా చేతులు మారుతున్న దశాబ్దాలు. గోధుమసాగు పెరిగేకొద్దీ మేతబయళ్ళు తరిగాయి. గడ్డి పోతే గుర్రాలు పోతాయి, గుర్రాలు పోతే కుమీస్ ఎక్కడిది? కుమీస్ కోసం వచ్చినవాళ్ళే ఆ నేల కొన్నారు, టాల్‌స్టాయ్‌తో సహా. 1886లో అచ్చయిన ఆయన కథ, మనిషికి ఎంత భూమి కావాలన్నది, మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. అందులో భూమికోసం పాఖోమ్ తీసిన పరుగు గుర్తుంటుంది, అవతల కుమీస్ తాగుతూ నవ్వే బష్కీర్లను మాత్రం మరిచిపోతాం. ఒక్కరోజులో చుట్టివచ్చినంత నేల ఇవ్వడమన్న ముచ్చట హెరోడోటస్ సిథియన్లలోనూ ఉంది, కాకపోతే అక్కడ గుర్రమెక్కి చుట్టాలి. 1871లో సంచిలో ఉన్న పుస్తకం అదేగా!

1883 తర్వాత టాల్‌స్టాయ్ ఆ మైదానానికి వెళ్ళలేదు. కుమీస్ వైద్యం మాత్రం ఆగలేదు. 1901లో, పెళ్ళయిన వెంటనే, క్షయతో ఉన్న రచయిత చెహోవ్ భార్య ఓల్గాతో కలిసి ఊఫా దగ్గరి అక్స్యోనవో కుమీస్ వైద్యశాలలో దిగాడు. రోజుకు నాలుగు సీసాలు తాగాడు, బరువు పెరిగాడు, విసుగెత్తి గడువుకు ముందే యాల్టా వెళ్ళిపోయాడు. మూడేళ్ళకు క్షయే ఆయన్ను తీసుకుపోయింది.

1943లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు దొరికాక క్షయకు కుమీస్‌తో పని తప్పింది. బష్కీర్ల సీమ బష్కొర్తొస్తాన్ ఆరోగ్యశాలల్లో మాత్రం ఇప్పటికీ పోస్తున్నారు. వేసవిలో కుటుంబాలు వచ్చి తాగి వెళ్తాయి, గ్లాసు లెక్కన.