ఆత్మా? అన్నమా? ఒంగోలు నుంచి రోచెస్టర్ దాకా నడిచిన ఒక పాత వాదన

సంఘం పని ఏమిటి? వాక్యం చెప్పి మనుషుల్ని దేవుడి దగ్గరకు నడిపించడమా, లేక కూలి, కులం, భూమి, హక్కుల గురించి కూడా మాట్లాడడమా? ఒక పాస్టర్ గారు ధర్నాలో కూర్చుంటే సంఘంలో సగంమంది చప్పట్లు కొడతారు, మిగతా సగం "అయ్యగారికి ఈ రాజకీయాలు ఎందుకు?" అంటారు. చాలామంది ఇది ఈమధ్య అమెరికా నుంచి దిగుమతి అయిన గొడవ అనుకుంటున్నారు. చరిత్ర చూస్తే అలా లేదు. ఈ వాదనకు అమెరికాలో పేరు పెట్టకముందే మన ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో జనం దాన్ని అనుభవించారు. ఇవాళ ఆ కథ చూద్దాం.

1866. ఒంగోలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లాలో ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ అక్కడ కాపురం పెట్టారు. మనవాళ్లు క్లౌ దొర అనేవారు. ఊళ్లో పెద్ద కులాల వాళ్లకు ఆయన మీద గౌరవమే ఉంది. పిల్లలకు ఇంగ్లీషు చదువు వస్తుందని ఆయన బడి మీద ఆశ కూడా ఉంది. అప్పుడే ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగ కులస్తుడు, తోళ్ల వ్యాపారి. అంతకు ముందే యోగమార్గంలో గురువుగా పేరున్నవాడు కూడా. ఆయన వెనకాల మరికొంతమంది మాదిగలు వచ్చారు.

ఇక్కడ మొదలైంది చిక్కు. "వీళ్లను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు" అన్నారు పెద్ద కులాల వాళ్లు. ఎవరిని ఉంచుకోవాలి? ఆ రోజు తానూ, హ్యారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలిందని క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. మాదిగలు లోపలికి వచ్చారు, పెద్ద కులాల పిల్లలు బయటికి వెళ్లిపోయారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది.

చూడండి, క్లౌ విప్లవకారుడేం కాదు. ఆయన వచ్చింది సువార్త చెప్పడానికే. కానీ "ఎవరికి చెప్పాలి" అనే ప్రశ్న దగ్గరే కులం వచ్చి ఎదురుగా నిలబడింది.

తర్వాత చేరినవాళ్లకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మూడూ మతపరమైన నియమాలే కదా? పల్లెలో వాటి అర్థం వేరు. ఆదివారం పనికి రానంటే, పిలిచినప్పుడల్లా వెట్టికి రానని చెప్పినట్టే. జాతరలో డప్పు కొట్టనంటే, ఊరు తనకు అప్పజెప్పిన చాకిరీ చేయనన్నట్టే. చచ్చిన గొడ్డును తిననంటే, తరాలుగా తన మీద వేసిన ముద్రను ఒప్పుకోనన్నట్టే. కరణాలకూ మునసబులకూ ఇది వెంటనే అర్థమైంది. చాలా ఊళ్లలో వాళ్లకు నీళ్లు కట్టేశారు, పనులు ఆపేశారు, తప్పుడు కేసులు పెట్టారు. క్లౌ అధికారుల దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. అప్పుడే మొదటి విమర్శ కూడా వచ్చింది: మిషనరీకి కచేరీల్లో ఏం పని?

ఇంతలో కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని పీల్చేసిన కరువు. మనవాళ్లు ధాత కరువు అన్నది దీన్నే. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌకి కుర్రతనంలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉంది. మూడు మైళ్లకు పైగా కాలువ తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని చూపించాడు. ఊరికే గంజి పోయలేదు, పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు పని చేయించేవారు, జనం కాసేపు కూర్చున్నప్పుడు పక్కన చేరి యేసు కథ చెప్పేవారు.

అదే సమయంలో క్లౌ ఇంకో పని చేశాడు. బాప్తిస్మాలు ఆపేశాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. "తిండి కోసం మతం మారారు" అనే మాట రాకూడదని. కరువు సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కొద్ది వారాల్లో మొత్తం 9,606 మంది. ఒంగోలు సంఘం 12 వేలు దాటింది.

మరి క్లౌ జాగ్రత్త పనిచేసిందా? చేయలేదనే చెప్పాలి. "అన్నం క్రైస్తవులు" అనే మాట ఎలాగూ వచ్చింది. ఇంతమందిని పరీక్షించకుండా చేర్చుకోవచ్చా అని మిషన్ వర్గాల్లోనూ అనుమానాలు లేచాయి. కానీ తవ్వకం దగ్గర నెలలతరబడి తమ పక్కన నిలబడిన మనుషుల్ని ఆ జనం నమ్మారు. ఆ నమ్మకంలో అన్నం వాటా ఎంత, ఆత్మ వాటా ఎంత, మనిషిగా చూశారన్న గౌరవం వాటా ఎంత? ఏ తక్కెడలో వేసి తూస్తాం?

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఒంగోలుకీ అక్కడి వాదనకీ నిజంగానే ఒక ఇంటి చుట్టరికం ఉంది.

హ్యారియెట్ చనిపోయాక క్లౌ రెండో పెళ్లి చేసుకున్నది ఎమ్మా రౌషెన్‌బుష్‌ను. ఒంగోలులో మిషనరీగా పనిచేసిన బాగా చదువుకున్న మనిషి. మాదిగల జీవితం మీద 1899లో పుస్తకం రాసింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్. ఆయన 1886లో న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పేదల పేట పక్కన ఒక జర్మన్ బాప్టిస్టు సంఘానికి పాస్టరయ్యాడు. ఇరుకు గదులు, రోగాలు, పనిలేని తండ్రులు, వరసగా పసిపిల్లల అంత్యక్రియలు. మనిషి పాపం ఒక్కటే కాదు, వ్యవస్థలో కూడా పాపం ఉంటుందని ఆయన గట్టిగా అనుకున్నది అక్కడే. తర్వాత రోచెస్టర్‌లో సెమినరీ ప్రొఫెసరుగా ఉంటూ 1907లో "క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్" రాశాడు. సోషల్ గాస్పెల్ అనే ఉద్యమానికి అది పెద్ద ఊతం. మరుసటి ఏడాదే అమెరికా సంఘాల ఫెడరల్ కౌన్సిల్ బాలకార్మికుల గురించీ, పని గంటల గురించీ, జీతాల గురించీ ఒక ప్రకటనను ఆమోదించింది.

ఎదురువాదన కూడా బలంగానే వచ్చింది. సువార్తను సంఘసేవగా మార్చేస్తున్నారు, సిలువను పక్కనపెట్టి చట్టాల గురించి బోధిస్తున్నారు అన్నారు. దీన్ని మూర్ఖత్వం అని కొట్టేయకూడదు. మనిషి మారకుండా చట్టం ఒక్కటే మారితే ఏం లాభం అనేది న్యాయమైన ప్రశ్నే. కానీ గొడవ ముదిరి, అమెరికాలో చాలా సంఘాలు రెండు గుడారాలుగా చీలిపోయాయి. ఒకరు ఆత్మను పట్టుకున్నారు, ఇంకొకరు సమాజాన్ని పట్టుకున్నారు.

1914లో, క్లౌ చనిపోయిన నాలుగేళ్లకు, ఆయన జీవితకథ అచ్చయింది. ఆయన చెబుతుంటే ఎమ్మా రాసిన పుస్తకం. పేరు "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్". అంటే అమెరికాలో సంఘాలు దేని గురించి కొట్టుకుంటున్నాయో, ఆ మాటనే తీసుకెళ్లి ఒంగోలు కథకు పేరుగా పెట్టారు.

ఆ రెండు గుడారాలనూ కలిపే పెద్ద ప్రయత్నం 1974 జూలైలో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో జరిగింది. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనే పడీయా, సామ్యుయేల్ ఎస్కోబార్ లాంటివాళ్లు గట్టిగా మాట్లాడారు. జాన్ స్టాట్ నాయకత్వంలో తయారైన ఒడంబడికలో సువార్త, సామాజిక బాధ్యత రెండూ క్రైస్తవుల విధే అని రాసుకున్నారు. ఇన్నాళ్లూ రెండోదాన్ని పట్టించుకోనందుకు పశ్చాత్తాపం కూడా ప్రకటించారు.

మన దగ్గర మాత్రం ప్రశ్న ఇంకో మెట్టు లోపలికి దిగింది. బయటి అన్యాయం సరే, సంఘం లోపల ఉన్న కులం సంగతేమిటి? ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. మిషన్ హద్దులూ కులం హద్దులూ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. 1981లో బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం నుంచి దళిత థియాలజీ అనే ఆలోచన పెరిగింది. సంఘంలో ఎక్కువమంది దళితులే అయినప్పుడు వేదాంతంలో వాళ్ల బాధ ఎందుకు కనిపించదు అన్నదే అసలు ప్రశ్న.

ఇంకొకటి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే అన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులైన దళితులకు లేదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీ. దీని గురించి సంఘం మాట్లాడితే రాజకీయం అంటారు. మరి మాట్లాడకుండా ఊరుకుంటే అది రాజకీయం కాదా?

నా ఉద్దేశం చెప్తాను. సంఘం ఒక పార్టీకి జెండా మోయకూడదన్న హెచ్చరిక మంచిదే, దాన్ని మరిచిపోకూడదు. కానీ "మన పని ఆత్మల వరకే" అనే మాట కనీసం తెలుగు క్రైస్తవుల చరిత్రకు సరిపోదు. ఆదివారం పనికి రానని చెప్పిన ఆ మాదిగ రైతుకూలీ ఏ ఉద్యమంలోనూ సభ్యుడు కాడు. తన దేవుడికి లోబడ్డాడు, అంతే. ఊరు మాత్రం దాన్ని తిరుగుబాటుగానే లెక్కేసి శిక్షించింది. ఆత్మ, అన్నం అని విడదీసే వీలు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. అలా విడదీసి మాట్లాడగలగడం, కడుపు నిండినవాళ్లకు దొరికే సౌకర్యం.

ఈ ఎపిసోడ్ ఇక్కడితో ఆపుదాం. మీ ఊళ్లో మీ సంఘం ఎలా మొదలైందో, మొదట చేరినవాళ్లు ఏం పోగొట్టుకున్నారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. వాళ్లు ఉండగానే అడగండి.