బంజరు అనే మాట – కలివికోడి సాక్ష్యం

భారతదేశ రెవెన్యూ చరిత్రలో ‘బంజరు’ అన్నది కేవలం నేల స్వభావాన్ని తెలిపే పదం కాదు. సాగుకు రాని, శిస్తు రాబట్టలేని భూమికి పాలకులు పెట్టిన పేరది. 1864లో బ్రిటిష్ ప్రభుత్వం అటవీ శాఖను నెలకొల్పినప్పుడు దాని దృష్టి ప్రధానంగా ఓడలకు, రైలు మార్గాలకు పనికివచ్చే కలపపైనే నిలిచింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత రిజర్వు అడవులు ఏర్పడినా, కలపనివ్వని ముళ్లపొదల నేలలకు తగిన విలువ దక్కలేదు.

రాయలసీమలోని చిట్టడవులు అటువంటివే. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించి, సైనిక వైద్యుడు జెర్డన్ పేరు పెట్టిన పక్షి ఈ ప్రాంతానిది. 1900లో అనంతపురం పరిసరాల్లో కనిపించిన పిదప దాని జాడ తెలియక, అంతరించిపోయిందని పలువురు భావించారు. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడింది. మరుసటి సంవత్సరం జనవరిలోనే, కడప జిల్లా లంకమల పాదాల వద్ద, స్థానిక వేటగాళ్ల తోడ్పాటుతో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ పక్షిని తిరిగి కనుగొన్నారు. శాస్త్రలోకం పోయిందనుకున్న పక్షిని అక్కడి ప్రజలు ‘కలివికోడి’ అని పిలుస్తూనే ఉన్నారు.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అయినా 2000 తరువాతి దశాబ్దంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ ఆవాసం దాకా వచ్చింది. చివరకు కాలువ మార్గాన్నే మార్చవలసివచ్చింది. కరువు సీమకు నీరు ఎంత అవసరమో కాదనగలవారు లేరు. కాని ఆ నేల ఖాళీగా లేదన్న సంగతి ముందే లెక్కలోకి వచ్చి ఉంటే ఆ సంఘర్షణ తప్పేది.

రాత్రివేళ సంచరించే కలివికోడికి పొదలూ కావాలి, పొదల నడుమ ఖాళీ నేలా కావాలి. పొదలను నరికివేస్తే దానికి నిలువనీడ ఉండదు. దట్టంగా చెట్లు నాటినా తిరుగాడే చోటు ఉండదు. పశువులు మితంగా మేయడం ఆ ఖాళీని కాపాడుతుంది. మితిమీరితే పొదలే మిగలవు. అందువల్ల మొక్కలు నాటడమే ప్రతిచోటా సంరక్షణ కాజాలదు.

జాతీయ బంజరు భూముల అట్లాసులోనూ పొదలతో కూడిన భూమి ఒక బంజరు తరగతిగానే నమోదయింది. నేడు కలివికోడి ప్రపంచంలోకెల్లా అత్యంత అరుదైన పక్షులలో ఒకటి. దాని మనుగడకు అభయారణ్యపు హద్దురాళ్లు ఎంత ముఖ్యమో, భూమి రికార్డులో ఆ నేలకు రాసే పేరూ అంతే ముఖ్యం.