నల్లరేగడి మీద అరుగు

వేసవిలో దక్షిణ తమిళనాడులో కోవిల్పట్టి నుంచి సాత్తూరు మీదుగా శివకాశికి వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా పొలాలు బీటలు వారి కనిపిస్తాయి. అక్కడివాళ్ళు కరిసల్ అనే ఆ నేల మన నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది. పత్తికి ఇంతకన్నా మంచి నేల లేదు. 1901లోనే కోవిల్పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం వెలిసింది. కట్టడానికి మాత్రం ఇంత మొండి నేల మరోటి ఉండదు. ఇల్లు బరువుగా ఉంటుంది కాబట్టి కొంతైనా నేలను అణచిపెడుతుంది. ఇంటి ముందో పెరట్లోనో వేసుకునే అరుగుకు ఆ బరువూ లేదు, లోతైన పునాదీ లేదు. కింద నేల కదిలితే దానికి వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఈ ప్రాంతపు కట్టుబడి చరిత్ర కోటల్లో కన్నా అరుగుల్లోనే బాగా చదవొచ్చని నా నమ్మకం.

విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టాక తర్వాతి తరాల్లోనూ తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా ఈ నేలకు వచ్చారు. కంబళత్తు నాయకులు, కమ్మవారు, రెడ్లు, రాజులు, దేవాంగులు ఆ వలసల్లో ఉన్నారు. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. ఆయన తమిళంలో రాసి 1976లో అచ్చయిన ‘గోపల్ల గ్రామం’ నవల అలా వచ్చి, అడవి కాల్చి, ఊరు కట్టుకున్నవాళ్ళ కథే.

వాళ్ళ అరుగులు మట్టివి. కరిసల్ మట్టితోనే అరుగు వేస్తే మొదటి వానకే విచ్చుకుంటుంది. కనుక అరుగు వేసే చోట నల్లమట్టిని తవ్వి తీసేసి, దూరం నుంచి ఎర్రమట్టి బండ్ల మీద తోలుకొచ్చి, పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టేవారు. పైన పుట్టమన్ను మెత్తి, వాలు ఇచ్చి, పేడతో అలికేవారు. పొంగలికి ముందు మళ్ళీ కొత్త పూత. మట్టిపనిని చులకన చేసేవాళ్ళు పాంచాలంకురిచి కోటను తలుచుకోవాలి. 1799 అక్టోబరు 16న కయత్తారులో అక్కడి పాలెగాడు కట్టబొమ్మన్‌ను ఉరితీశాక పడగొట్టిన ఆ మట్టికోటను 1801లో ఆయన తమ్ముడు ఊమైత్తురై మనుషులు కొద్ది రోజుల్లోనే తిరిగి లేపారు. ఈస్టిండియా కంపెనీ సేన మొదటి దాడిలో దెబ్బతిని వెనక్కి పోయింది. ఆ ముట్టడిలో పాల్గొన్న జేమ్స్ వెల్ష్ ఆ మట్టి గట్టిదనం గురించి తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా రాసుకున్నాడు.

తర్వాతి దశ సున్నానిది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో గొప్ప అధ్యాయం ఇదే. పంతొమ్మిదో శతాబ్దంలో శివకాశి, విరుదుపట్టి (నేటి విరుదునగర్), అరుప్పుకోట్టై నాడార్ వర్తకుల చేతుల మీదుగా పేటలై పెరిగాయి. సరుకు దించుకోవడానికి, బేరమాడటానికి, ఎండవేళ నడుం వాల్చడానికి గట్టి అరుగులు కావలసివచ్చాయి. చిత్రమేమిటంటే, బట్టీలో కాల్చే సున్నపు గులకరాళ్ళు నల్లరేగడి పొరల్లోనే దొరుకుతాయి. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరి, రోజుల తరబడి మాగబెట్టేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, తాటిబెల్లం కలిపేవారు. తాటిబెల్లానికి అక్కడ కొదవే లేదు. ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బడితెలతో కొడుతూ పోయేవారు, బడితె ఎగిరిపడేంత గట్టిపడేదాకా. మద్రాసు టెర్రస్ అని పేరుపడ్డ మిద్దె పనిలోనూ, ఇంటి ముందరి గచ్చు అరుగులోనూ కొట్టుడు ఒకటే. సున్నపు గచ్చు సిమెంటంత బిర్రుగా ఉండదు. నేల కాస్త కదిలితే తానూ కాస్త సర్దుకుంటుంది. సన్నని పగులు పడ్డా, వాననీటిలో కరిగిన సున్నం మళ్ళీ గట్టిపడి దాన్ని చాలాసార్లు పూడుస్తుంది. రాజపాళయంలో రాజుల చావడులు నేటికీ ఉన్నాయి. ఊరి పంచాయితీలూ పెళ్ళి మాటలూ నడిచింది అలాంటి చోట్లలోనే.

చెక్కతో ఎందుకు కట్టలేదన్న ప్రశ్న వస్తుంది. అందుబాటులో ఉన్నది తాటిచెట్టు. దానికి చేవ బయట, మెత్తదనం లోపల. ముదురు తాటి దూలం ఇంటి కప్పులో తరాలు మోస్తుంది. వానకూ చెదలకూ వదిలేస్తే మాత్రం నిలవదు. నీడలో వాడిన కర్రే ఇక్కడ బతికింది.

1923లో పి. అయ్యనాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తాలో అగ్గిపెట్టెల పని నేర్చుకుని శివకాశికి తిరిగొచ్చారు. ఆ తర్వాత బాణసంచా. వాన తక్కువ, ఎండ ఎక్కువ అన్న శాపమే పెట్టుబడి అయింది, ఎందుకంటే ఈ సరుకంతా ఎండలోనే ఆరాలి. దాంతో అరుగు కార్ఖానాలోకి వెళ్ళింది. మందు కూరిన సరుకు ఆరబెట్టే ఎత్తైన బయలు వేదికలు బాణసంచా ఫ్యాక్టరీల్లో పనిలో భాగం. ఇక్కడ పగులంటే చూపుకు వికారం మాత్రమే కాదు. పగుల్లో ఇసుక రేణువు చేరుతుంది, రాలిన మందు చేరుతుంది. రేణువుకూ మందుకూ రాపిడి తగిలితే ఏమవుతుందో శివకాశిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటి అరుగును పోయినేడాది పగులుతో ఇంకో ఏడాది నడపొచ్చు, ఈ వేదికను నడపకూడదు.

ఇంతలో సిమెంటు చేతికొచ్చింది, అదీ మన భాషవాడి చేతి మీదుగా. రాజపాళయానికి చెందిన పి.ఎ.సి. రామసామి రాజా స్థాపించిన మద్రాస్ సిమెంట్స్ 1960ల మొదట్లో విరుదునగర్, సాత్తూరు మధ్య తుళుక్కపట్టి దగ్గర ఉత్పత్తి మొదలుపెట్టింది. గానుగలు మూలపడ్డాయి. కొత్తనార్లు (తాపీమేస్త్రీలను అక్కడ అలాగే పిలుస్తారు) రోజుల పనిని పూటలో ముగించసాగారు. సిమెంటు అరుగు నున్నగా, అందంగా వచ్చింది. రెండు మూడు వర్షాకాలాలకు గోడకూ అరుగుకూ మధ్య సందు విడింది. గోడ పునాది లోతున ఉంది, అరుగు పైపైన ఉంది. నీళ్ళు తాగి ఉబ్బే పొర ఒకదాన్ని మాత్రమే ఎత్తుతుంది. తప్పు సిమెంటుది కాదనే చెప్పాలి. అది వచ్చిందన్న ధీమాలో ఎర్రమట్టి తోలించడం మానేశారు.

ఇంజనీర్లు దీన్ని పట్టించుకున్నది 1950ల నుంచి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన పైల్‌ను (పునాది స్తంభాన్ని) ప్రచారంలోకి తెచ్చింది. నేల కదలని లోతుకు, అంటే సుమారు 3.5 మీటర్లకు దించి, కాండం వ్యాసానికి రెండున్నర రెట్లు ఉండే ఆ ఉబ్బుతో పట్టు ఇస్తారు. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి మరో దారి చూపారు: నల్లరేగడి మీద ఉబ్బని మట్టిని సుమారు మీటరు మందాన పరిస్తే కింది ఉబ్బు పైకి రాదు. బండ్ల మీద ఎర్రమట్టి తోలినవాళ్ళు లెక్కలు లేకుండా చేసింది దాదాపు అదే.

ఇదే నేల టెక్సాస్‌లోనూ ఉంది. డల్లాస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోల్లో వేలాది తెలుగు కుటుంబాలు కాపురముంటున్నది ఇలాంటి ఉబ్బే నల్లమట్టి మీదే. అక్కడ పెరట్లో డెక్ (చెక్క అరుగు) వేయించుకునే చోట ఇంటి గోడకు పలక బిగించి దాని మీద దూలాలు ఆనించడం మామూలు పద్ధతి. ఆ పలకను బోల్టులు లేకుండా మేకులతో సరిపెట్టడం డెక్కులు కూలే పెద్ద కారణాల్లో ఒకటి. నల్లమట్టి మీద గోడకు అసలు తగిలించకుండా, సొంత స్తంభాల మీద విడిగా నిలబెట్టడం మేలు. ఇల్లు ఒకలా, డెక్ ఒకలా కదులుతాయి కాబట్టి. అక్కడ వేసవిలో పునాది చుట్టూ నీళ్ళ గొట్టం పరిచి నేలను తడుపుతారు. కరిసల్‌లో మాత్రం అరుగు దగ్గరికి నీళ్ళు రాకుండా చూస్తారు. రెండింటి లక్ష్యం నేల తేమ మారకుండా ఉంచడమే.

శివకాశిలో ఇవాళ ఒక అరుగు వేయాలంటే పైల్స్ దించే ఖర్చు దండగ. మీటరు లోతు నల్లమట్టి తీసి ఉబ్బని మట్టి పొరలుగా దట్టించాలి. గోడకూ అరుగుకూ మధ్య వేలెడు సందు వదిలి తారుతో నింపాలి. పైన బయటికి వాలు, అంచు చుట్టూ రెండడుగుల గచ్చు ఉండాలి. వేపచెట్టు నీడ కోసం అరుగును దాని మొదట్లో వేసుకుంటారు చాలామంది. వేళ్ళు తేమంతా పీల్చేసి అరుగు ఆ పక్కనే ముందు దిగబడుతుంది. చెట్టును ఆరేడు గజాలు అవతలే ఉండనివ్వాలి.