కుటుంబ కారు కుదురు: హైబ్రిడ్ సస్పెన్షన్ కథ

మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టిన రోజుల్లో కారంటే అంబాసిడర్, కాకపోతే ఫియట్. అంబాసిడర్ వెనక ఇరుసు మీద బరువు మోసేవి కమాను కట్టలు. పెట్టే బేడా, పిల్లా పెద్దా ఎంతమంది ఎక్కినా అది మోసేది. మలుపులో బండి పక్కకు ఒరిగి లోపలివాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డా ఎవరూ దాన్ని లోపమనుకునేవారు కాదు. ఇవాళ మనలో చాలామంది, ఇక్కడైనా అమెరికాలోనైనా, హైబ్రిడ్ కార్లు నడుపుతున్నారు. పెట్రోలు పొదుపులో వాటికి సాటి లేదు. అయితే "మలుపులో తేలిపోతున్నట్టుంది, సస్పెన్షన్ మార్పిస్తే బాగుపడుతుందా?" అని అడిగేవారు ఉంటూనే ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు కారు చరిత్రలోనే ఉంది. బిగుతు వేరు, కుదురు వేరు అన్నదే ఆ జవాబు.

బడిలో ఫిజిక్సు ప్రయోగశాల గుర్తున్నవారికి స్ప్రింగుకు బరువులు వేలాడదీసి సాగుదల కొలిచిన సంగతి కూడా గుర్తుంటుంది. బలం ఎంత పెరిగితే సాగుదల అంత పెరుగుతుందన్న ఆ సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. అదే ప్రయోగంలో ఇంకో పాఠం కూడా ఉంది. బరువును కాస్త కిందికి లాగి వదిలితే అది చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. అంటే స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుందే గాని మింగెయ్యదు. మింగెయ్యడానికి మరొక పరికరం కావాలి. అదే డాంపర్, మన మెకానిక్కుల మాటలో షాకబ్జార్బర్. బండి బరువును స్ప్రింగు మోస్తుంది, ఊపును డాంపర్ ఆపుతుంది. ఈ పని పంపకం తెలిస్తే సస్పెన్షన్‌లో సగం తెలిసినట్టే.

గుర్రపు బండ్ల కోసం ఒబదయ్య ఇలియట్ అనే ఇంగ్లీషు వ్యక్తి 1804లో ఉక్కు పట్టీలతో దీర్ఘవృత్తాకారపు స్ప్రింగుకు పేటెంటు పొందాడు. మన జట్కా కింద కనిపించే కమాను కట్టలదీ అదే వంశం. కార్లు వచ్చిన కొత్తలో తయారీదారులు ఆ ఏర్పాటునే తెచ్చి కింద బిగించారు. కుదుపుల లెక్క శాస్త్రీయంగా తేల్చే పని 1930ల మొదట్లో అమెరికాలో, క్యాడిలాక్ కంపెనీలో మారిస్ ఆలీ చేశాడు. బరువులను ముందుకూ వెనక్కూ జరపడానికి వీలైన ప్రయోగ వాహనం ఒకటి కట్టించి, ముందు స్ప్రింగులు వెనకవాటికంటే మెత్తగా ఉంటే ప్రయాణం సుఖంగా ఉంటుందని తేల్చాడు. కారణం తేలిక. గతుకు ముందు చక్రాలకు తగిలిన కొద్ది క్షణాలకు వెనక చక్రాలకు తగులుతుంది. ఆలస్యంగా ఊగడం మొదలెట్టిన వెనక భాగం కాస్త వేగంగా ఊగితేనే ముందు భాగాన్ని అందుకుంటుంది. అప్పుడు కారు ముందుకూ వెనక్కూ తూగకుండా సమంగా లేచి దిగుతుంది. ముందూ వెనకల మధ్య ఇలాంటి ఒప్పందం ఒకటి ఉందని తెలియక, ఒక పక్క స్ప్రింగులే మార్పించేవారికి కుదుపే మిగులుతుంది.

ఆ తరువాత రెండు ఏర్పాట్లు కుటుంబ కార్లలో స్థిరపడ్డాయి. స్ప్రింగునూ డాంపర్‌నూ ఒకే నిలువు కడ్డీగా కలిపిన ఎర్ల్ మాక్‌ఫర్సన్ స్ట్రట్ 1950లో బ్రిటిష్ ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో పేరు తెచ్చుకుంది. వెనక చక్రాలు రెంటినీ మెలిపడే దూలంతో కలిపే టార్షన్ బీమ్ 1974లో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌తో ప్రచారంలోకి వచ్చింది. రెండూ తక్కువ చోటు పట్టేవి, తక్కువ ఖర్చుతో అయ్యేవి. ముందు స్ట్రట్, వెనక బీమ్ అన్నది సామాన్య కుటుంబ కారుకు మామూలు లెక్క అయిపోయింది.

1997 ఈ కథలో ముఖ్యమైన ఏడు. ఆ అక్టోబరులో స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడింది. దారికి అడ్డం వచ్చిన దుప్పిని తప్పించినట్టు స్టీరింగును చటుక్కున అటూ ఇటూ తిప్పడమే ఆ పరీక్ష. కంపెనీ కొన్నాళ్లు అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ సవరించి, కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ నియంత్రణ అమర్చి మళ్లీ బజారులోకి తెచ్చింది. కారు కుదురన్నది కుర్రకారు సరదా కాదని, వెనక సీట్లో కూర్చున్న పిల్లల ప్రాణానికి సంబంధించిన సంగతని ఆ సంఘటన లోకానికంతా చెప్పింది.

సరిగ్గా ఆ డిసెంబరులోనే జపాన్‌లో టొయోటా ప్రియస్ అమ్మకానికి వచ్చింది. ఆ పథకానికి పెద్ద తకేషి ఉచియమాద. ఆయన అంతకుముందు పనిచేసింది కార్లలో శబ్దాన్నీ కంపనాన్నీ అదుపు చేసే రంగంలో. అయినా ఆయన ముందున్న మొదటి లక్ష్యం ఇంధన పొదుపు. అందుకే తేలిగ్గా దొర్లే సన్నని టైర్లు, ముందు స్ట్రట్, వెనక టార్షన్ బీమ్, వెనక సీటు వెనకాల బరువైన బ్యాటరీ. ఆ రోజుల్లో అది సబబైన నిర్ణయమే. కాని దొర్లడానికి తేలికైన టైరు సాధారణంగా రోడ్డును పట్టడంలో కాస్త వెనకబడుతుంది. 2003, 2009 తరాల్లో కూడా వెనక బీమే కొనసాగింది.

ఈ లోటు కంపెనీకి తెలియకపోలేదు. మూడో తరం ప్రియస్‌కు అమెరికాలో కారును కాస్త దించే స్ప్రింగులు, వెనక స్టెబిలైజర్ బార్, 17 అంగుళాల చక్రాలతో కంపెనీయే ఒక ప్యాకేజీ అమ్మింది. జపాన్‌లో జీస్ అనే రకం తెచ్చింది. అందులో స్ప్రింగులు, డాంపర్లతో సరిపెట్టకుండా బాడీకి అదనపు వెల్డింగులు, బిగింపులు కూడా వేసింది. పునాది కదులుతుంటే స్తంభం నిలవదు. బాడీయే మెలిపడుతుంటే ఎంత మంచి డాంపరైనా తన పని తాను చేయలేదు.

2015 చివర వచ్చిన నాలుగో తరంతో పాత లెక్క మారింది. కొత్త వేదిక మీద బ్యాటరీ వెనక సీటు కిందికి దిగింది, గురుత్వ కేంద్రం తగ్గింది, బాడీ గట్టిపడింది. బీమ్ పోయి వెనక చక్రాలకు విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ వచ్చింది. అయినా ఇంధన పొదుపు తగ్గలేదు, మెరుగైంది. పొదుపుకూ కుదురుకూ వైరం లేదని ఆ కారు రుజువు చేసింది.

ఇక పాత కారు ఉన్నవారు ఏం చేయాలి? చరిత్ర చెప్పే వరుస ఇది. ముందు అరిగినవి మార్చాలి. డాంపర్లు, బుష్‌లు, బాల్ జాయింట్లు కొత్తవి వేసి వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే చాలా కార్లు కొత్త ప్రాణం పోసుకుంటాయి. తరువాత టైర్లు. రోడ్డును తాకేవి అవే. మంచి పట్టున్న టైరు వేస్తే మైలేజీ కొంత తగ్గవచ్చు, తడి రోడ్డు మీద అది పెట్టదగిన ఖర్చే. ఆ తరువాతే నాణ్యమైన డాంపర్లు. వెనక స్టెబిలైజర్ బార్ వేస్తే మలుపులో ముక్కు బయటికి పోయే గుణం తగ్గుతుంది. అది మరీ బిగుతైతే వానలో తోక జారుతుంది.

కారును బాగా కిందికి దించే స్ప్రింగుల జోలికి పోకపోవడం మేలు. మలుపులో బాడీ రోల్ సెంటర్ అనే ఊహా బిందువు చుట్టూ ఒరుగుతుంది. మాక్‌ఫర్సన్ అమరికలో కారును దించితే గురుత్వ కేంద్రం కంటే ఈ బిందువే ఎక్కువ దిగుతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది గనక కారును ఒరగదోసే ప్రభావమూ పెరుగుతుంది. పైగా మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే.

మన దేశంలో 2022 చివర వచ్చిన ఇన్నోవా హైక్రాస్ లాంటి హైబ్రిడ్‌లలో నేటికీ వెనక టార్షన్ బీమే ఉంది. ఏడెనిమిది మంది బరువుకూ గతుకులకూ దాన్ని సరిదిద్దే పంపారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కాబట్టి ఏ మార్పుకైనా ముందు రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ విచారించుకోవడం మంచిది.

ప్రయోగశాలలో స్ప్రింగుకు బరువు తగిలించి సాగుదల కొలవడం మన మాస్టార్లు నేర్పారు. ఊపు ఆగేదాకా ఓపిక పట్టి అప్పుడు కొలవమనీ వారే చెప్పారు. కారు కుదురు కోరేవారికి ఆ రెండు పాఠాలూ చాలు.